నాలుగు వేళ్ల సందు

ఫ్రిజ్ ఇంట్లోకి వచ్చిన పూటే అక్క మంచం బయటికి పోయింది.

వెనక గదిలో రెండూ పట్టవు. పట్టనప్పుడు ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేవాడు ఆ ఇంట్లో ఒక్కడే. ఆయన తేల్చేశాడు. చచ్చిన ఫ్రిజ్ గదిలో వెల్లకిలా పడుకుంది. బతికున్న మనిషి వంటింటి గడప పక్కన చాప పరుచుకుంది.

అక్క అంటే ఆ ఇంటి ఇల్లాలికి అక్క. పెళ్లి కాలేదు అంటారు గానీ, చేయలేదు అనడం సబబు. తల్లి మంచాన పడితే తల్లికి చేసింది. తల్లి పోయాక తమ్ముడింట్లో చేసింది. ఇప్పుడు చెల్లెలింట్లో చేస్తోంది. అంట్లు, బట్టలు, నీళ్లు, ఊడ్చడం, తుడవడం. జీతమివ్వకుండా చేయించుకునే పనికి చుట్టరికం అని పేరు పెట్టినవాడెవడో గానీ వాడి తెలివికి దండం పెట్టాలి.

ఆమె మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. బజార్లో అందరూ లీకుల డాక్టరు అంటారు. గ్యాస్ పైపుకి సబ్బు నురగ పూసి, బుడగ లేచిన చోట వేలు పెట్టి "దొరికావురా దొంగా" అంటాడు. తలుపు రబ్బరు వదులైతే కొత్తది వేసి, సందులో కాగితం పెట్టి మూసి, లాగి చూస్తాడు. కాగితం కదలకపోతే పని గట్టిగా ఉన్నట్టు. ఆయన దృష్టిలో లోకంలో పాపం ఒక్కటే, లీకు. పైపులో లీకు, తలుపులో లీకు, ఇంట్లో అన్నం లీకు. ఈ మూడోది వదినగారి కంచం చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

"వదినగారూ, మీకు ఉద్యోగం తెచ్చా" అన్నాడు ఆ సాయంత్రం, ఫ్రిజ్ కడుపులోంచి అరలు పీకి అవతల పడేస్తూ. "ఇందులో కోడిపిల్లల్ని పెంచుతున్నాం."

"ఫ్రిజ్‌లోనా బాబూ?"

"ఫ్రిజ్ కాదు, బ్రూడర్ అనాలి. ఫోన్‌లో చూడండి, ప్రపంచమంతా అదే మాట. తల్లి లేని పిల్లలకి బల్బుతో వెచ్చగా పెట్టే పెట్టె. మా బజార్లో మోటార్ వైండింగ్ వాడు ఉన్నాడే, వాడు అట్టముక్క గుండ్రంగా చుట్టి, మధ్యలో బల్బు వేలాడదీసి, అదే బ్రూడర్ అన్నాడు. పిల్లలన్నీ చలికి బిగుసుకుని చచ్చాయి. నవ్వలేక చచ్చాం. చలి నిలబెట్టడమూ, వేడి నిలబెట్టడమూ ఒకటే విద్యరా, ఆ విద్య నాది, చూపిస్తా రా అని బజార్లో అందరి ముందూ అన్నా. ఇప్పుడు చూపించాలి."

"మా అమ్మ బుట్టలో పెంచేది. పైన తెరిచే ఉండేది బుట్ట."

"మీ అమ్మగారి కాలంలో ఇన్సులేషన్ లేదు."

చెల్లెలు గుమ్మంలో నిలబడి, నవ్వాలో వద్దో మొగుడి మొహం చూసి తెలుసుకుని, నవ్వింది. ఆమెది అలవాటు. ఆ ఇంట్లో గాలి ఎటు వీస్తుందో ఆమె పమిటకి ముందు తెలుస్తుంది.

అప్పుడు ఆయన చేతులు తుడుచుకుంటూ అసలు మాట చెప్పాడు. "చూడండి వదినగారూ, ఊరికే కూర్చోబెట్టి పెట్టడానికి ఇది సత్రం కాదు. రెక్కల ఈకలు వచ్చేదాకా వీటిని బతికించండి. వచ్చాక ఫ్రిజ్ అవతల పారేస్తా. గది మీది, మంచం మీది, మీరు పోయేదాకా ఎవరూ కదిలించరు. పిల్లలు పోయాయా, మీ తమ్ముడికి ఫోన్ చేస్తా. వచ్చి తీసుకుపోతాడు."

తమ్ముడు అన్న మాట వినగానే అక్క ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

దానికి కారణం ఉంది. తమ్ముడూ మరదలూ ఇద్దరూ పనులకి పోయేవాళ్లు. పోతూ బయట తాళం వేసేవాళ్లు. వదిన సామాను పక్కింటికి చేరవేస్తుందని మరదలి అనుమానం. చేరవేసిందల్లా జ్వరంతో ఉన్న పక్కింటి బిడ్డకి గ్లాసుడు పాలు. ఆ గ్లాసుడు పాలకి కిటికీకి రేకు కొట్టారు. ఒకరోజు వెనక ఖాళీ జాగాలో ఎవరో పాత టైర్లు తగలబెట్టారు. పొగ లోపలికి రావడానికి రేకు పక్కన దారి దొరికింది, బయటికి పోవడానికి దొరకలేదు. అరిచింది. తాళం వేసున్న ఇంట్లో ఎవరున్నారని జనం అనుకుంటారు? చివరికి తలుపు కింద సందుకి ముక్కు ఆనించి, తమ్ముడొచ్చేదాకా నేల మీద బోర్లా పడుకుంది. ఆనాటి నుంచే ఈ పిల్లికూతలు. తమ్ముడు వచ్చి, తలుపు తీసి, "అడ్డంగా పడుకుంటే ఎట్లా లోపలికి రావాలి?" అన్నాడు.

చెల్లెలు చూడ్డానికి వెళ్లి, చూసి, ఏడ్చి, తీసుకొచ్చింది. ఆ ఏడుపు నిజమే. అంట్లు తోమే మనిషి దొరికిందన్న సంతోషమూ నిజమే. రెండూ ఒక్క కడుపులోనే పడుకోగలవు.

"బతికిస్తాను బాబూ" అంది అక్క.

పిల్లలు వచ్చే ముందు రోజు పని మొదలుపెట్టింది. ఫ్రిజ్ లోపల సబ్బునీళ్లతో కడిగి, ఎండలో పెట్టడం కుదరదు కనుక గుడ్డతో తడి లేకుండా తుడిచింది. అడుగున బెత్తెడు మందాన ఊక పోసి, చేత్తో సర్ది, పైన పాత పేపర్లు పరిచింది. పిల్లలు మొదట్లో ఊకని మేత అనుకుని తింటాయి, అందుకని. నాలుగు మూలల్లోనూ అట్ట వంచి గుండ్రంగా పెట్టింది. మూల కనబడితే చాలు, వెర్రి పిల్లలన్నీ అక్కడికే తోసుకుని, ఒకదాని మీదొకటి ఎక్కి, కింది దాన్ని చంపుతాయి. బల్బు ఒక పక్కగా వేలాడదీసింది, వేడెక్కువైన పిల్ల రెండో పక్కకి పారిపోవడానికి. పిల్లలు రాకముందే బల్బు వేసి పేపరు కింద ఊక వెచ్చబడేదాకా ఆగింది. చల్లటి నేల మీద దించితే పాదాల్లోంచే చలి ఎక్కుతుంది.

ఇదంతా మరిది చూస్తూనే ఉన్నాడు. ఆయన పని ఆయన చేశాడు. ఫ్రిజ్ తలుపుకి కొత్త రబ్బరు వేసి, దాన్నే మూతగా బిగించాడు. మూత ఎత్తి దించితే చప్పరించినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకి ఆయన మొహం పసిబిడ్డని ఎత్తుకున్నట్టు వెలిగిపోయింది.

"గాలి ఎట్లా బాబూ?"

"ఏ గాలి?"

"పీల్చే గాలి."

"కోడిపిల్ల ఎంతుంటుంది, దాని ముక్కెంతుంటుంది వదినగారూ? ఇంత పెద్ద పెట్టెలో ఉన్న గాలి దాని మనవలకి కూడా సరిపోతుంది."

పిల్లలు అట్టపెట్టెలో వచ్చాయి. కిచకిచలతో ఇల్లంతా నిండిపోయింది. అక్క ఒక్కోదాన్నీ తీసి, పాదాలు తన చెంపకి ఆనించి చూసి, పంచదార కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముక్కు ముంచి, మింగాక వదిలింది. ముంచకపోతే కొన్నిటికి నీళ్లెక్కడున్నాయో తెలియదు. మధ్యలో ఒకటి చేతికొచ్చింది, కాళ్లు రెండూ పక్కలకి చీలిపోయి. నిలబెడితే పడిపోయింది. మళ్లీ నిలబెడితే మళ్లీ పడింది. అక్క దాని మెడ రెండు వేళ్ల మధ్య పట్టి మెలితిప్పింది. గోడ పక్కన పెట్టి, ఇంకో పిల్లని తీసుకుంది.

"అమ్మో!" అంది చెల్లెలు. "ఏంటక్కా అంత రాక్షసంగా?"

"నిలబడలేని దాన్ని మందలో వదిలితే మిగతావి పొడిచి పొడిచి చంపుతాయి. ఒక్కసారి పోతే దానికే సుఖం."

గుమ్మం దగ్గర మరిది చప్పట్లు కొట్టాడు. "విన్నావటే? మీ అక్క రూలు చెప్పింది. పనికిరానిదాన్ని ముందే తీసేయాలి. మంచి మాట వదినగారూ. గుర్తుపెట్టుకుంటా."

అక్క చెయ్యి ఆగింది. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చు. చేసిన పని ఎట్లా తీసుకోవడం? పిల్ల ముక్కు నీళ్లలో ముంచి వదిలేసింది.

అప్పుడే ఆమె అట్టపెట్టె ఎత్తి చూపించింది. "ఇది చూడండి బాబూ. చుట్టూ బొక్కలు. ఇవి అందానికి పెట్టారా?"

"అవి దారి కోసం. ఇల్లు చేరాక బొక్కలెందుకు? నా బతుకంతా సందులు మూయడంలో తెల్లారింది, నన్ను సందు పెట్టమంటారా?"

వాదిస్తే ఫోన్ తీస్తాడు. అందుకని ఆమె వాదించలేదు. పెరట్లో ఒక ఇటుక ముక్క ఉంది, విరిగింది, నాలుగు వేళ్ల మందం. ఆయన దుకాణానికి పోగానే దాన్ని తెచ్చి మూత అంచు కింద పెట్టింది. చెయ్యి సందులో పెట్టి చూసుకుంది. నాలుగు వేళ్లు ఇరుకు లేకుండా దూరాయి. లోపలి వేడిగాలి వేళ్లకి తగిలి బయటికి వచ్చింది. పిల్లల ఊపిరి అది.

ఆయన ఇంటికి వస్తున్న బండి చప్పుడు వినబడగానే ఇటుక తీసి మూత దించేది. అన్నం తిని మళ్లీ పోగానే ఎత్తేది. మూత దించి ఉన్నంతసేపూ చెవి దానికే ఆనించి ఉండేది. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, నోరు తెరిచి గోడలకి అంటుకుంటే వేడి, చల్లిన గింజల్లా చెదిరి తిరిగితే సుఖం. వాటి వంక చూడటం తప్ప ఆమెకి వేరే లోకం లేకుండా పోయింది. తడిసిన ఊక తీసి పొడిది వేసేది. వెనక అంటుకున్న పెంట గోరువెచ్చటి గుడ్డతో తుడిచేది. పొద్దుగూకే ముందు ఒక్కోదాని మెడ కింద మేత సంచి తడిమి, నిండిందో లేదో చూసేది. పిల్లలు ఒళ్లు చేశాయి. రెక్కల అంచున నిజం ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. అక్క వాటిని వేలితో తాకి, గది గోడ వంక చూసేది. మంచం ఏ వైపు వేయాలా అని.

"చూశావటే నా డోర్ రబ్బరు?" అన్నాడు మరిది పెళ్లాంతో. "ఎట్లా పెరుగుతున్నాయో!"

"అవునండీ" అంది చెల్లెలు. వంటింట్లోకి వచ్చి అక్క చెవిలో, "నువ్వు ఇటుక పెడుతున్నావని చెప్పకు. ఆయన సంతోషంగా ఉన్నారు" అంది.

"నే చెప్పను. ఆయన సంతోషంగా ఉంటేనే నాకూ మంచం."

ఇద్దరూ నవ్వుకున్నారు. చిన్నప్పుడు అమ్మ బుట్ట దగ్గర కూర్చుని నవ్వినట్టు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

సెలవు రోజు మధ్యాహ్నం ఆయన ఇద్దర్ని వెంటపెట్టుకొచ్చాడు. ఒకడు మిక్సీలు బాగుచేసేవాడు. రెండోవాడు ఆ మోటార్ వైండింగ్ మనిషి, పిల్లల్ని పోగొట్టుకున్నవాడు. వాణ్ని తీసుకురావడంలోనే ఉంది అసలు రుచి.

"రా నాయనా, కళ్లు తెరిచి చూడు. నీ అట్టముక్క ఎక్కడ, ఇది ఎక్కడ?"

వైండింగ్ మనిషి వంగి చూశాడు. పిల్లలు బొద్దుగా, చురుగ్గా తిరుగుతున్నాయి. "బాగానే ఉన్నాయి డాక్టరూ" అన్నాడు, అన్నంలో రాయి తగిలినవాడిలా.

"బాగానే ఏంటి! ఇప్పుడు చూడు." మరిది జేబులోంచి కాగితం తీసి, అంచు మీద పెట్టి, మూత దించాడు. చప్పరించినట్టు ఆ చప్పుడు. కాగితం కొస పట్టి వాళ్లిద్దరి చేతా లాగించాడు. కాగితం చిరిగింది గానీ రాలేదు. "ఎట్లా ఉంది? ఎక్కడన్నా లీకుందా? వెంట్రుక దూరుతుందా?"

"దూరదు" అన్నాడు మిక్సీ మనిషి.

"చూపించారుగా బాబూ" అంది అక్క వెనక నుంచి. "ఇక కాస్త ఎత్తండి. పిల్లలు పెద్దవయ్యాయి, వాటికి..."

"వదినగారూ." గొంతు తియ్యగానే ఉంది. "సందు పెడితే ఏమంటారు జనం? లీకుల డాక్టరు ఇంట్లోనే లీకంటారు. వీళ్లున్నంతసేపూ అది అట్లాగే ఉంటుంది. మీరు పోయి ఐసు తీసుకురండి."

ఫ్రిజ్‌లు బాగుచేసేవాడి ఇంట్లో ఐసు లేదు. ఇంటి ఫ్రిజ్ కంప్రెసర్ పీకి ఎవరికో వేసి చాలా కాలమైంది. ఐసు కొట్టు బజారు చివర.

అక్క కదల్లేదు. ఆయన పెళ్లాం వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడే కూర్చో. మూత ముట్టుకున్నావో, చేతులు విరుస్తా." స్నేహితులు నవ్వారు. మొగుడు పెళ్లాం సరసం అనుకున్నారు కాబోలు. ముగ్గురూ ముందు గదిలోకి పోయి సీసా తెరిచారు.

అక్క ఇటుక ముక్క తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. "నే పోగానే పెట్టు. ఆయన ఆ గదిలో ఉన్నాడు, ఇటు రాడు. విన్నావా? పరుగెత్తడం నా వల్ల కాదు, తెలుసుగా నీకు. ఆలస్యమవుతుంది."

"సరే, నువ్వు పో."

"పెడతావుగా?"

"పెడతా అంటున్నాగా, పో అక్కా!"

అక్క నడిచింది. పరుగెత్తబోతే ఛాతీ పట్టేసింది, ఓ అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకుని మళ్లీ నడిచింది. ఐసు కొట్టువాడు సెలవు రోజని అన్నం తింటూ, తిని వస్తా ఆగమన్నాడు. ఆగింది. ఐసు గోనెపట్టాలో చుట్టి, చంకన పెట్టుకుని, చల్లటి నీళ్లు నడుము మీదుగా కారుతుంటే తిరిగొచ్చింది. ముందు గదిలో నవ్వులు గట్టిగా వినిపిస్తున్నాయి. వెనక గదిలోంచి ఏమీ వినిపించలేదు.

చెల్లెలు ఫ్రిజ్ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ఇటుక ముక్క ఒళ్లో ఉంది. మూత మూసే ఉంది.

"ష్" అంది చెల్లెలు, వేలు పెదవి మీద పెట్టుకుని. "పడుకున్నాయక్కా. మొదట్లో గోల గోల, గీకుడు, ఒకటే అరుపులు. ఇప్పుడు నిద్రపోయాయి. చప్పుడు చెయ్యకు."

ఐసు నేల మీద పడింది. అక్క మూత ఎత్తింది.

వేడి, తడి ఊపిరి మొహాన కొట్టింది. మూత లోపలి వైపు నీటి బొట్లు. పిల్లలు ఒక చోటే కుప్పగా ఉన్నాయి, గుండ్రం చేసిన అట్టని తోసేసుకుని, మూల వెతుక్కుని, దానిలో ఒకదాని మీదొకటి ఎక్కి. పైనున్నవి మెడలు పైకి చాచి, ముక్కులు రబ్బరు వైపు పెట్టి, నోళ్లు తెరిచి ఉన్నాయి. సందు వెతుక్కున్నాయి. ఒళ్లు తడిసి సగమయ్యాయి. అక్కకి తలుపు కింద సందు గుర్తొచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. ఆమె ముక్కు దాన్ని ఏనాడూ మర్చిపోలేదు.

రెండు చేతులతో తోడి నేల మీద పోసింది. అట్టపెట్టె మూతతో గాలి విసిరింది. విసురుతూనే ఉంది. కుప్ప అడుగునవి ఎప్పుడో పోయాయి. నీళ్ల డిప్ప వెనక పడున్నవి కొన్ని, ఎవరూ తొక్కనివి, ఒకసారి వణికి, ఇంకోసారి వణికి, నోరు మూసి తెరిచాయి. గుప్పెడు బతికాయి. గుప్పెడే.

చప్పుడుకి ముగ్గురూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

మరిది నేల వంక చూశాడు. ఆ క్షణంలో ఆయన మనిషిగా మిగిలే అవకాశం ఉంది. కానీ పక్కన వైండింగ్ మనిషి ఉన్నాడు.

"నావి చలికి పోయాయి డాక్టరూ" అన్నాడు వాడు, మెల్లగా, నమిలి నమిలి. "నీవి దేనికి పోయాయో?"

అంతే. మరిది మొహంలోకి రక్తం ఎక్కింది. "ఎవరు మూశారు?" అన్నాడు.

మూసింది ఆయన. కాగితం ఆయన జేబులోది. చిరిగిన ముక్క ఇంకా మూత అంచుకి అంటుకునే ఉంది. లాగి చూసిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఎవరు మూశారు అని అడగడానికి ఎంత దమ్ముండాలి! అధికారం ఉన్నవాడికి అది పుట్టుకతోనే ఉంటుంది.

"మీరేగా బాబూ మూసింది?" అంది అక్క, నేల మీద నుంచే.

"నేను నిమిషం మూసి చూపించా! తర్వాత? పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఆ ఇటుకేంటి? ఓహో. రోజూ సందు పెట్టి చల్లగాలి అలవాటు చేసింది వీటికి. అందుకే ఒక్కరోజు వేడి తగిలేసరికి తట్టుకోలేకపోయాయి. వింటున్నారా మీరు?"

మిక్సీ మనిషి మెడ గోక్కున్నాడు. "ఆడవాళ్లు కాస్త చూసుకోవాలి మరి" అన్నాడు. వైండింగ్ మనిషి నోరు తెరిచాడు. తెరిచినవాడు డాక్టరు మొహం చూసి, ఆయన పోయించిన సీసా కూడా తలుచుకుని, మూసుకున్నాడు. మందలో రక్తం కనబడ్డాక పొడవని పిల్ల ఉండదు.

"నువ్వు చెప్పవే" అన్నాడు మరిది పెళ్లాం వైపు తిరిగి. "ఎవరు మూశారు?"

చెల్లెలి చేతిలో ఇటుక ఉంది. ఆమె తన చేతులు చూసుకుంది. విరుస్తానన్న చేతులు.

"అక్కే చూసుకుంటుంది కదండీ రోజూ..."

"ఎవరు మూశారని అడిగా!"

"అక్కే" అంది చెల్లెలు. ఇంకోసారి, గొంతు సర్దుకుని, "అక్కే మూసి వెళ్లింది" అంది.

అక్క చచ్చినవాటిని బొక్కల అట్టపెట్టెలోకి ఎత్తింది. సగం ప్రాణంతో కొట్టుకుంటున్నవి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి మెడలు ఒక్కోటే మెలితిప్పి పెట్టెలో వేసింది. ఈసారి చెల్లెలు అమ్మో అనలేదు.

"నిలబడలేని దాన్ని తీసేయాలి, నువ్వే చెప్పావు" అన్నాడు మరిది. మీరు అనడం పోయి నువ్వు అనడం వచ్చింది. ఫోన్ తీశాడు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు బండేసుకుని వచ్చి, ఇంట్లోకి రాకుండా వీధిలోంచే హారన్ కొట్టాడు. అక్క గుడ్డల సంచి కట్టుకుంది. మరిది దుకాణానికి పోతూ పెళ్లాంతో అన్నాడు: "మిగిలిన గుప్పెడూ నీ చేతికి. ఇంకొక్కటి పోయిందా, మీ అక్క వెనకాలే నువ్వు. ఊరంతా నవ్వుతోంది నన్ను చూసి." అదే పందెం, అవే మాటలు, మనిషే మారింది.

ఆయన పోగానే చెల్లెలు వెనక గదిలోకి పరుగెత్తి, వెతికి, బయటికొచ్చింది. "అక్కా, ఇటుక ముక్క ఏది?"

"నా సంచిలో ఉంది."

"అదెందుకే నీకు? నాకు కావాలి. నాకు భయంగా ఉందక్కా. ఎంత తెరవాలో చెప్పి పో. ఎక్కువ తెరిస్తే చలికి పోతాయి, తక్కువైతే... చెప్పవూ? నీ కాళ్లు పట్టుకుంటా. నేను కావాలని అన్నానా ఆ మాట? నన్ను ఏం చేయమంటావు?"

బయట హారన్ మోగింది. అక్క సంచి దించి, చెల్లెల్ని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది. ఫ్రిజ్ మూత ఎత్తింది. లోపల గుప్పెడు పిల్లలు బల్బు కింద దగ్గరగా నిలబడి ఉన్నాయి.

"చెయ్యి పెట్టు."

"ఎక్కడ?"

"అంచు మీద. నిలువుగా. నాలుగు వేళ్లూ ఒకదాని మీదొకటి."

చెల్లెలు పెట్టింది. చిన్నప్పుడు గోరింటాకుకి చెయ్యి చాపినట్టే చాపింది. అక్క మూత మీద మొత్తం బరువు వేసి దించింది.

కేక వీధిలోకి వినిపించింది. అక్క మూత ఎత్తలేదు. చెల్లెలు గింజుకుంది, రెండో చేత్తో ఆమె భుజం మీద కొట్టింది, జుట్టు పట్టుకుంది. అక్క అట్లాగే వంగి, పిల్లికూతలు వేస్తూ, ఆమె కళ్లలోకి చూసింది.

"ఇంత" అంది. "ఇంత సందు. ఇంతకంటే తక్కువైతే చస్తాయి. మర్చిపోవుగా?"

"లేదు... లేదు... తియ్యక్కా..."

"చప్పుడు ఆగితే నిద్ర కాదు. అది కూడా మర్చిపోకు."

మూత ఎత్తింది. నాలుగు వేళ్ల మీద రబ్బరు గాడి తెల్లగా పడి, చూస్తుండగానే ఎర్రబడింది. చెల్లెలు చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. అక్క సంచి ఎత్తుకుని పోయి బండెక్కింది.

తమ్ముడింట్లో కిటికీ రేకు అట్లాగే ఉంది. తాళం మాత్రం కొత్తది. మరదలు ఆ పూట, "మళ్లీ వచ్చావా వదినా, అక్కడ కోళ్లని చంపావటగా" అని మాత్రమే అంది. తెల్లారి ఇద్దరూ పనికి బయల్దేరారు. తమ్ముడు తలుపు లాగాడు. తలుపు మధ్యలో ఆగింది. గడప మీద ఇటుక ముక్క ఉంది. దాని పక్కనే అక్క కూర్చుని ఉంది.

"అక్కా, ఆ ముక్క తియ్యి. టైమవుతోంది."

"తాళం వెయ్యకు, తీస్తా."

"వింటున్నావా మీ అక్క మాటలు?" అంది మరదలు వీధిలోంచి. "పోనీ పాపం అని తెస్తే మనకే షరతులు పెడుతోంది!"

తమ్ముడు కాలితో తన్నాడు. ఇటుక ముక్క వీధిలోకి దొర్లిపోయింది. వాడు తలుపు రెక్క అందుకునేలోపు అక్క చెయ్యి చాపి ద్వారబంధం మీద పెట్టింది. నాలుగు వేళ్లు, ఒకదాని మీదొకటి.

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

"నలుగుతుంది అక్కా!"

"నలగనీ."

ఎదురింటివాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. పక్కింటి తల్లి, ఆ పాలు తాగిన బిడ్డని చంకనేసుకుని, గోడ దగ్గరికి వచ్చింది. "కానివ్వండి, అందరూ చూస్తున్నారు" అంది మరదలు పళ్ల మధ్య నుంచి. తమ్ముడి ఒక చేతిలో కొత్త తాళం ఉంది. రెండో చేత్తో తలుపు గట్టిగా లాగాడు.

ఎముక విరిగిన చప్పుడు గోడ దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినిపించింది. అక్క వేళ్లు తీయలేదు.

గడియ పడలేదు.